కరెంటు పోయి వచ్చినా ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు దానంతటదే తెరుచుకోవాలంటే తాళంచెవి ఎక్కడ పెట్టాలి?

ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా చెప్తాను. కావలిలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబు సర్వరు చూసుకునే మిత్రుడు అడిగారు. ఉబుంటు 22.04 లినక్స్ ఉన్న ఎస్ఎస్‌డీ మామూలుగానే, తాళం లేకుండా ఉంది, పేషెంట్ల రిపోర్టులుండే 4 టీబీ డిస్కును మాత్రం లక్స్ అనే లినక్స్ పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే చెవి లేనిదే చదవలేకుండా తాళం వేశారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆయన నెల్లూరు నుంచి లాగిన్ అయి పాస్‌వర్డు కొడితేగానీ ల్యాబులో పని మొదలుకాదు. ఈ బాధ తప్పించుకుందామని క్రిప్ట్‌ట్యాబ్‌లో (తాళం వేసిన డిస్కులను ఎలా తెరవాలో చెప్పే ఫైలు) ఒక వరుస, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్కును ఏ ఫోల్డరుకు తగిలించాలో చెప్పే ఫైలు) ఒక వరుస రాశారు. తర్వాత రీస్టార్ట్ చేస్తే మెషీను పూర్తిగా లేవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో, అంటే మరమ్మతు తెర దగ్గర, ఆగిపోయింది. అది ఎందుకు ఆగింది, పాస్‌వర్డు అడక్కుండా తెరుచుకునే డిస్కుకు ఇక ఎన్‌క్రిప్షన్ ఉండి ఏం లాభం, ఇవీ ఆయన అడిగిన రెండు విషయాలు.

నేరుగా జవాబు. మెషీను ఆగిపోవడానికి కారణం మీరు పెట్టిన ఆ రెండు వరుసల్లోనే ఉంది. రెండింట్లోనూ ఒకే యూయూఐడీ (డిస్కు భాగాన్ని గుర్తుపట్టే నంబరు) రాశారు. క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉండాల్సింది బయటి పెట్టె నంబరు, అంటే లక్స్ పార్టిషన్‌ది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఉండాల్సింది ఆ పెట్టె తెరిచాక లోపల కనిపించే ఫైల్‌సిస్టమ్‌ది. రెండో ప్రశ్నకు జవాబు: లాభం ఉంటుంది, కానీ తాళంచెవి ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి. తాళం వెయ్యని ఎస్ఎస్‌డీలో కీ ఫైలు (పాస్‌వర్డుకు బదులు చెవిగా పనిచేసే ఫైలు) పెడితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. మీ ల్యాబుకు నేను చెప్పేది ఇది: ఎస్ఎస్‌డీని కూడా ఎన్‌క్రిప్ట్ చేయండి. 4 టీబీ డిస్కు కీ ఫైలును ఆ ఎస్ఎస్‌డీ లోపల దాచండి. ఎస్ఎస్‌డీ తెరుచుకోవడానికి కావలసిన సాయం మాత్రం ల్యాబులోనే ఇంకో గదిలో ఉండే చిన్న మెషీను నుంచి వచ్చేలా పెట్టండి.

నేను నెల్లూరు పొగతోటలో 17 ఏళ్ళుగా ఆసుపత్రులు, స్కాన్ సెంటర్లు, ఆడిటర్ ఆఫీసులు, తీరం వెంబడి రొయ్యల హేచరీల సర్వర్లు చూస్తున్నాను. ఈ పని నేర్పింది నాకు కరెంటు కోతలే. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

ముందు ఎవరి నుంచి దాస్తున్నామో తేల్చుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసేస్తారు. ల్యాబు డిస్కు పరాయి చేతుల్లో పడే దారులు నిజానికి మూడే. ఒకటి, డిస్కు పాడై వారంటీ కింద వెనక్కి పంపడం, లేదా పాతదని అమ్మేయడం. రెండు, రాత్రిపూట మెషీను మొత్తాన్ని ఎత్తుకుపోవడం. మూడు, మెషీను నడుస్తుండగా నెట్‌వర్కు మీదనుంచి ఎవరైనా చొరబడటం. మూడోదాన్ని డిస్కు ఎన్‌క్రిప్షన్ ఏమాత్రం ఆపలేదు. మెషీను లేచి డిస్కు తెరుచుకున్నాక లోపలున్న ఫైళ్ళు మీకు ఎంత బాహాటంగా కనిపిస్తాయో, లోపలికి వచ్చిన రాన్సమ్‌వేర్‌కూ (ఫైళ్ళను బంధించి డబ్బు అడిగే వైరస్) అంతే బాహాటంగా కనిపిస్తాయి. దానికి బ్యాకప్పు, ఫైర్‌వాల్, అప్‌డేట్లు వేరే ఉండాలి. డిస్కు తాళం పనిచేసేది మెషీను ఆగి ఉన్నప్పుడే.

మొదటి దారికి తెరిచి ఉన్న ఎస్ఎస్‌డీలో కీ ఫైలు పెట్టినా సరిపోతుంది. ఒక స్కాన్ సెంటరులో ఏం జరిగిందో చెప్తాను. డిస్కు టక్ టక్ మని చప్పుడు చేసి ఆగిపోయింది. వారంటీ ఇంకా ఏడాదిన్నర ఉంది, పాతది వెనక్కి ఇస్తే కొత్తది ఇస్తారు. అందులో వేల మంది స్కాన్లున్నాయి. పాడైన డిస్కును చెరపడమూ కుదరదు, అసలు తిరగడమే లేదు. ఆ డాక్టరుగారు రిపోర్టులు ఎవరి చేతిలో పడతాయోనని భయపడి వారంటీ వదులుకొని, డిస్కును ఇంట్లో బీరువాలో పెట్టుకున్నారు. ఆ తర్వాత కొన్న డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశాం. మూడేళ్ళకు అదీ పోయింది. ఈసారి నిశ్చింతగా కవరులో పెట్టి పంపించారు. చెవి సర్వరులోనే ఉండిపోయింది కదా, బయటికి వెళ్ళింది తాళం వేసిన పెట్టె ఒక్కటే.

రెండో దారి దగ్గరే ఈ పద్ధతి పూర్తిగా చిత్తవుతుంది. మెషీను మొత్తం పోతే కీ ఫైలు కూడా దాంతోపాటే పోతుంది. దొంగకు కంప్యూటర్లు తెలియకపోవచ్చు. కానీ అతని దగ్గర కొన్నవాడికి, ఆ కొన్నవాడు రిపేరుకిచ్చిన షాపువాడికి తెలియొచ్చు. హెచ్ఐవీ రిపోర్టు, గర్భ పరీక్ష రిపోర్టు, పేరూ ఫోను నంబరుతో సహా అందులో ఉంటాయి. మన ఊళ్ళలో ఒక రిపోర్టు బయటపడితే ఒక కుటుంబం ఎంత నలిగిపోతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ జాగ్రత్త మన చేతిలో ఉన్నప్పుడు తీసుకోకపోవడం తప్పు.

లక్స్ లోపల ఏముందో రెండు మాటలు. ఇది తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ సులువవుతాయి. లక్స్ పద్ధతిని క్లెమెన్స్ ఫ్రూవిర్త్ 2004లో రూపొందించారు. డిస్కు మొదట్లో హెడర్ అని చిన్న భాగం ఉంటుంది, మీరు వాడే లక్స్2లో మామూలుగా 16 ఎంబీ. మీ పాస్‌వర్డుతో నేరుగా డేటా ఎన్‌క్రిప్ట్ కాదు. డేటాకు ఒక అసలు కీ ఉంటుంది, అది హెడర్‌లో చిన్న చిన్న గళ్ళలో తాళం వేసి ఉంటుంది. వీటినే స్లాట్లు అంటాం. లక్స్1లో 8 స్లాట్లు, లక్స్2లో 32 దాకా. ఒక్కో స్లాటుకు ఒక్కో చెవి పెట్టుకోవచ్చు: ఒకటి మీ పాస్‌వర్డు, ఒకటి యజమాని పాస్‌వర్డు, ఒకటి కీ ఫైలు. ఏది పెట్టి తెరిచినా చేతికొచ్చేది ఆ అసలు కీయే. అందుకే కొత్త చెవి చేర్చినా, పాతది తీసేసినా 4 టీబీ మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసే పని ఉండదు, క్షణాల్లో అయిపోతుంది. అలాగే ఆ హెడర్ చెడిపోతే మీకు పాస్‌వర్డు కంఠతా వచ్చినా డిస్కు తెరుచుకోదు. ఆ సంగతి కింద చెప్తాను.

ఇక మీ రెండు వరుసల సంగతి. క్రిప్ట్‌ట్యాబ్ వరుసలో నాలుగు గళ్ళుంటాయి: తెరిచాక డిస్కుకు పెట్టే పేరు, లక్స్ పార్టిషన్ యూయూఐడీ, కీ ఫైలు ఉన్న చోటు, ఆప్షన్లు. ఎఫ్ఎస్‌ట్యాబ్ వరుసలో మొదటి గడిలో మ్యాపర్ ఫోల్డరు కింద మీరు పెట్టిన ఆ పేరే రాయండి. అక్కడ యూయూఐడీ జోలికే పోవద్దు, రెండూ కలిసిపోయే ప్రమాదం ఉండదు. బీఎల్‌కేఐడీ కమాండు కొడితే మీకు రెండు నంబర్లు కనిపిస్తాయి. క్రిప్టో_లక్స్ అని రకం చూపించేది బయటి పెట్టె, ఈఎక్స్‌టీ4 అని చూపించేది లోపలిది. డిస్కు తెరవకముందు రెండోది కనిపించదు. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు మాత్రం వాడొద్దు. ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉన్నప్పుడు రీస్టార్ట్ అయితే ఆ పేర్లు తారుమారవుతాయి.

తప్పు నంబరు రాసినప్పుడు జరిగేది ఇది: సిస్టమ్‌డీ (మెషీను లేచేటప్పుడు అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాము) ఆ డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది, తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరిగెడుతుంటాయి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్. అందుకే రెండు వరుసల్లోనూ నోఫెయిల్ అన్న ఆప్షన్ పెట్టమంటారు. ఒక్క ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పెడితే చాలదు, క్రిప్ట్‌ట్యాబ్‌లో కూడా ఉండాలి. అప్పుడు డిస్కు తెరుచుకోకపోయినా మెషీను లేస్తుంది, మీరు నెల్లూరు నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు.

అయితే నోఫెయిల్‌లో ఒక గుంట ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఒంగోలులో ఒక ఆడిటర్ ఆఫీసు. మార్చి నెలాఖరు, వాళ్ళకు ఊపిరాడని రోజులు. పొద్దున్నే ఫోను: "సార్, కంపెనీల లెక్కలన్నీ పోయాయి, సాఫ్ట్‌వేరు ఖాళీగా కనిపిస్తోంది." ఆ అమ్మాయి గొంతు వణుకుతోంది. నేను లాగిన్ అయి చూస్తే ఆ రాత్రి డిస్కు తెరుచుకోలేదు, కేబులు వదులైంది. నోఫెయిల్ ఉండటంతో మెషీను మాత్రం లేచింది. డేటా డిస్కు వచ్చి కూర్చోవాల్సిన ఫోల్డరు ఖాళీగా ఉంది. డేటాబేసు అది చూసి, "ఇక్కడ ఏమీ లేదు కాబోలు" అన్నట్టు కొత్తగా ఖాళీ డేటాబేసు తయారు చేసుకొని పని మొదలుపెట్టేసింది. నేను చూసేలోపు ఇద్దరు కుర్రాళ్ళు రెండు గంటల ఎంట్రీలు అందులో కొట్టేశారు. అసలు డేటా భద్రంగానే ఉంది. కానీ ఆ రెండు గంటల ఎంట్రీలను మళ్ళీ అసలు దాంట్లోకి చేర్చడానికి సాయంత్రం దాకా పట్టింది.

అప్పటినుంచి రెండు పనులు తప్పకుండా చేస్తున్నాను. డిస్కు మౌంట్ కాకముందు, అంటే ఫోల్డరుకు తగలకముందు, ఖాళీగా ఉన్న ఆ ఫోల్డరుకు చాటర్ కమాండుతో మార్చడానికి వీల్లేని గుర్తు పెడతాను. డిస్కు రాకపోతే అందులో రూట్ (అన్ని అధికారాలున్న యూజరు) కూడా ఒక్క ఫైలు రాయలేదు. డిస్కు వచ్చాక ఆ గుర్తు అడ్డురాదు. రెండోది, డేటాబేసు సర్వీసు ఫైల్లో రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అన్న వరుస చేర్చి ఆ ఫోల్డరు పేరు రాస్తాను. డిస్కు మౌంట్ కాకపోతే సర్వీసే మొదలుకాదు. మీ ల్యాబు సాఫ్ట్‌వేరుకూ ఇది చేయండి. రిపోర్టులు కనబడక పని ఆగితే అరగంట నష్టం, తప్పు చోట రాసేస్తే రోజంతా నష్టం.

కీ ఫైలు తయారీలోనూ ఒక చిక్కుంది. కొంతమంది నానో ఎడిటరులో పాస్‌వర్డు టైపు చేసి దాన్నే కీ ఫైలుగా సేవ్ చేస్తారు. ఆ ఎడిటరు చివర కంటికి కనిపించని ఎంటర్ ఒకటి చేరుస్తుంది. మీరు చేత్తో పాస్‌వర్డు కొట్టినప్పుడు ఎంటర్ దగ్గర చదవడం ఆగిపోతుంది, కీ ఫైలు ఇచ్చినప్పుడు మాత్రం ఆ ఎంటర్ కూడా చెవిలో భాగమే. "పాస్‌వర్డు సరిగ్గా ఉంది, అయినా తెరుచుకోవడం లేదు" అని తల పట్టుకునేవాళ్ళలో సగంమంది కథ ఇదే. యూర్యాండమ్ (సిస్టమే ఇచ్చే ఊహించలేని బైట్ల మూలం) నుంచి 4096 బైట్లు తీసి ఫైలు చేయండి, దాన్ని కొత్త స్లాటులో చేర్చండి. ఫైలు అనుమతి 0400, యజమాని రూట్. పాత పాస్‌వర్డు స్లాటును అలాగే ఉంచండి. కీ ఫైలు ఒక్కదాని మీదే ఆధారపడితే ఎస్ఎస్‌డీ పోయిన రోజున 4 టీబీ డిస్కూ పోయినట్టే.

ఉబుంటులో, డెబియన్‌లో రీస్టార్ట్ చెయ్యకుండానే పరీక్షించుకోవచ్చు. క్రిప్ట్‌డిస్క్స్_స్టార్ట్ కమాండుకు మీరు పెట్టిన పేరు ఇస్తే, క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉన్న ఆ వరుస ప్రకారమే తెరిచి చూపిస్తుంది. తప్పుంటే అక్కడే తిట్టి చెప్తుంది. 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న సర్వరును ఎమర్జెన్సీ మోడ్‌లోకి పంపి చూడాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఎస్ఎస్‌డీని ఎవరు తెరవాలి? దీనికి నాలుగు దారులున్నాయి, నాలుగూ వాడాను.

మనిషి వచ్చి కీబోర్డు మీద కొట్టడం మొదటిది. అన్నిటికంటే గట్టిది, కానీ మన వాతావరణానికి నిలవదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది గుర్తుందా? 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందు రెండు రోజులు మన జిల్లాను వాన ముంచేసింది. తీరంలో ఒక హేచరీ ఆఫీసు సర్వరు, దానికి ఈ పద్ధతే పెట్టాను. కరెంటు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. సర్వరు లేచి పాస్‌వర్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. దారిలో నడుంలోతు నీళ్ళు, నేను వెళ్ళలేను. మేనేజరు ఫోను చేశాడు: "ఏందబ్బయా, తెర నల్లగా ఉండాది, కింద ఏదో పాస్‌వర్డు అడగతా ఉంది." పాస్‌వర్డు చెప్పక తప్పలేదు. అందులో పెద్దక్షరాలు, ఎట్ గుర్తు, అంకెలు. వాన హోరులో మాట తెగిపోతోంది. కొట్టేది తెర మీద కనిపించదు. అంకెలు పక్కనున్న నంబర్ ప్యాడ్ మీద కొడుతున్నాడు, నమ్‌లాక్ ఆరిపోయి ఉంది, ఒక్క అంకె కూడా పడటం లేదు. మూడుసార్లు తప్పు. తర్వాత సిగ్నలే పోయింది. ఆ రాత్రి ఆ తొట్లలో రొయ్యపిల్లల లెక్కలు, మందుల వేళలు అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఆ అనుభవంతో ఒక నియమం పెట్టుకున్నాను: బూట్ సమయంలో కొట్టే పాస్‌వర్డులో చిన్నక్షరాలు, మధ్యలో ఖాళీ, అంతే. అక్కడ మీ కీబోర్డు సెట్టింగు లోడ్ కాకపోవచ్చు, తెలుగు లిపి అసలే రాదు. ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ఐదారు సంబంధం లేని తెలుగు మాటలు తీసుకోండి, ఫోనులో చెప్పినా అవతలివాళ్ళకు అర్థమవుతాయి. ఫోనులో చెప్పాల్సి వచ్చాక ఆ స్లాటు తీసేసి కొత్తది పెట్టండి. ఆ హేచరీలో నేను మర్నాడు చేసిన మొదటి పని అదే.

రెండోది డ్రాప్‌బేర్. బూట్ మొదటి దశలోనే చిన్న ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) సర్వరు లేస్తుంది, మీరు ఇంట్లో నుంచి లాగిన్ అయి పాస్‌వర్డు కొట్టొచ్చు. ఆఫీసులకు బాగా పనికొస్తుంది. దాని హోస్ట్ కీ (సర్వరు గుర్తింపు), మామూలు ఎస్ఎస్‌హెచ్ కీ ఒకటి కాదు కాబట్టి మొదటిసారి మీ ల్యాప్‌టాప్ గట్టిగా హెచ్చరిస్తుంది, వేరే పోర్టు ఇస్తే ఆ గొడవ ఉండదు. కానీ మీరు ఇప్పుడు పడుతున్న బాధ దీనితో తీరదు. రాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే మీరు లేవాల్సిందే. తుపాను రోజున ఇంటర్నెట్టూ ఉండదు.

మూడోది టీపీఎం, మదర్‌బోర్డు మీదుండే భద్రతా చిప్పు. బూట్ అయ్యే తీరును కొలిచి, అన్నీ మునుపటిలాగే ఉంటేనే కీ ఇస్తుంది. మనిషి అక్కర్లేదు. అయితే దొంగ మెషీను మొత్తం ఎత్తుకుపోతే చిప్పూ దాంతోనే పోతుంది, స్విచ్చి వేస్తే డిస్కు తెరుచుకొని లాగిన్ తెర వస్తుంది. ఇక అడ్డుగా ఉండేది ఆ లాగిన్ ఒక్కటే. పైగా ఉబుంటులో బూట్ పార్టిషన్ తాళం బయటే ఉంటుంది, అందులో బూట్ మొదటి దశను నడిపే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలుకు డిజిటల్ సంతకం ఉండదు. చాలామంది పెట్టే పీసీఆర్ 7 (చిప్పు దాచుకునే కొలతల్లో ఒకటి) సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రాములనే నడవనిచ్చే రక్షణ) స్థితిని చూస్తుంది తప్ప ఆ ఫైలు మారిందా లేదా అని చూడదు. తెలిసినవాడు దాన్ని మార్చి కీ లాగేయగలడు. టీపీఎంకు పిన్ జతచేస్తే గట్టిపడుతుంది, కానీ అప్పుడు మళ్ళీ మనిషి కావాలి. ల్యాప్‌టాప్‌లకు టీపీఎం, పిన్ కలిపి పెట్టమని నేనే చెప్తాను. ఎవరూ లేని గదిలో ఉండే సర్వరుకు టీపీఎం ఒక్కటే పెట్టమని చెప్పను. ఇంకో మాట: ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో సిస్టమ్‌డీ-క్రిప్ట్‌ఎన్‌రోల్‌ కమాండుతో ఇది ఐదు నిమిషాల పని. ఉబుంటు 22.04లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే పాత సాధనం రూట్ డిస్కు (ఉబుంటు ఉన్న డిస్కు) విషయంలో ఆ టీపీఎం ఆప్షన్‌ను పట్టించుకోదు, కింద చెప్పే క్లెవిస్ వాడాలి. ఇది తెలియక రెండు రోజులు కొట్టుకున్నవాళ్ళను చూశాను.

నాలుగోది మీకు చెప్పేది: క్లెవిస్, ట్యాంగ్ జంట. క్లెవిస్ మీ సర్వరులో ఉండి డిస్కు తెరిచే ప్రోగ్రాము. ట్యాంగ్ అనేది దానికి సాయపడే చిన్న సర్వీసు, రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి మెషీను మీద కూడా నడుస్తుంది. మీ సర్వరు లేవగానే క్లెవిస్ నెట్‌వర్కులో ట్యాంగ్‌ను పలకరించి, ఒక లెక్క చేయించుకొని, కీ తిరిగి తయారుచేసుకుంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, మీ డిస్కు కీ ట్యాంగ్ దగ్గర ఉండదు, నెట్‌వర్కులోనూ ప్రయాణించదు. ట్యాంగ్ డబ్బా ఒక్కటే ఎవరి చేతిలో పడినా దానితో మీ డిస్కు గురించి ఏమీ తెలియదు. సర్వరు ఒక్కటే ఎత్తుకుపోతే ట్యాంగ్ పలకదు, డిస్కు తెరుచుకోదు. రెండూ కలిసి పోతే మాత్రం కష్టమే. అందుకే డబ్బాను సర్వరు పక్కన పెట్టొద్దు. నేను ఒకచోట మేడ మీద ఇన్వర్టరు గదిలో, ఇంకోచోట మెట్ల కింద మీటరు పెట్టె పైన అట్టపెట్టెలో పెట్టాను. చూసినవాళ్ళు అది ఇంటర్నెట్టు డబ్బా అనుకుంటారు.

పెట్టేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. బూట్ మొదటి దశలో వైఫై పనిచేయదనే లెక్కేసుకోండి, సర్వరుకు కేబులు ఉండాలి. రూటరు, స్విచ్చి, ట్యాంగ్ డబ్బా మూడూ యూపీఎస్ మీదే ఉండాలి, సర్వరు కంటే ముందు లేవాలి. డబ్బాకు ఐపీ మారకుండా కట్టేయండి. ట్యాంగ్‌ను ఇంటర్నెట్టుకు తెరవొద్దు, ఎక్కడినుంచైనా పలికితే దొంగ ఇంటి నుంచీ పలుకుతుంది. క్లెవిస్‌తో డిస్కును జతచేసేటప్పుడు ట్యాంగ్ కీ వేలిముద్ర (ఆ కీని గుర్తుపట్టే అక్షరాల వరుస) చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది. ట్యాంగ్ డబ్బాలో లాగిన్ అయి చూసినదానితో ఒక్కొక్క అక్షరం పోల్చాకే ఒప్పుకోండి. ఆ తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నడపడం మర్చిపోవద్దు. అది నడపకపోతే క్లెవిస్ బూట్‌లోకి చేరదు, మీరు అన్నీ సరిగ్గా చేసినా పాస్‌వర్డు తెరే వస్తుంది. జతచేయడమంటే హెడర్‌లో ఇంకో స్లాటు చేరడమే, మీ పాస్‌వర్డు ఎప్పటిలాగే పనిచేస్తుంది. ట్యాంగ్ డబ్బా కాలిపోయినా మీరు వెళ్ళి పాస్‌వర్డు కొట్టి నడుపుకోవచ్చు.

ఇంకొంచెం గట్టిగా కావాలంటే టీపీఎం, ట్యాంగ్ రెండూ ఒప్పుకుంటేనే తెరుచుకునేలా క్లెవిస్‌లో కలపొచ్చు. ల్యాబుకు నేనైతే ట్యాంగ్ ఒక్కటి చాలంటాను. బయోస్ (మదర్‌బోర్డు సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ చేసిన రోజున టీపీఎం కొలతలు మారి తెల్లారేసరికి మీకు ఫోను రావడం నాకిష్టం లేదు.

ఎస్ఎస్‌డీని ఎన్‌క్రిప్ట్ చేయడానికి ఉన్నదాన్ని అలాగే మార్చే వీలు క్రిప్ట్‌సెటప్‌లో (లక్స్‌ను నడిపే కమాండు) ఉంది. కానీ రూట్ డిస్కుకు ఆ సాహసం వద్దు. ఒక ఆదివారం పెట్టుకొని, బ్యాకప్పు తీసి, ఇన్‌స్టాలరులోనే ఎల్‌వీఎంతో (డిస్కును భాగాలుగా పంచే పద్ధతి) పాటు ఎన్‌క్రిప్షన్ ఎంచుకొని కొత్తగా వేయండి. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) కూడా దాని లోపలికే వస్తుంది. ఇది ముఖ్యం, మెమరీలో ఉన్న రిపోర్టుల ముక్కలు స్వాప్‌లోకి వెళ్తుంటాయి. వేగం తగ్గుతుందేమోనని భయం వద్దు, ప్రాసెసరులో ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసే ఏఈఎస్ సూచనలు ఉంటే మీ 4 టీబీ డిస్కుకు తేడానే తెలియదు. క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్ ఒకసారి కొట్టి చూసుకోండి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతుంటాయి. కొందరు రూట్ డిస్కు కీ ఫైలును ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోకి దూర్చేస్తారు. ఉబుంటులో అది తాళం లేని బూట్ పార్టిషన్‌లో ఉంటుంది కాబట్టి చెవి గుమ్మానికి తగిలించినట్టే. రెండోది, రోజూ రాత్రి బ్యాకప్పు స్క్రిప్టు సెట్టింగులు, కీ ఫైళ్ళు ఉండే ఈటీసీ, రూట్ ఫోల్డర్లను మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంది, కీ ఫైలు కూడా అందులోకి వెళ్ళిపోతుంది. ఒక క్లినిక్కులో ఆ పెన్‌డ్రైవ్ రిసెప్షన్ బల్ల సొరుగులో మూత లేకుండా దొర్లుతుంటే చూశాను. మీ బ్యాకప్పు స్క్రిప్టు ఏమేం కాపీ చేస్తోందో ఈరోజే చూడండి.

హెడర్ బ్యాకప్పు తీయకుండా ఈ పనిలో ముందుకు వెళ్ళొద్దు. ఇది నేను బతిమాలి చెప్పే మాట. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కును ఎవరైనా విండోస్ మెషీనుకు తగిలిస్తే, "వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని పెట్టె వస్తుంది. ఒక ఆసుపత్రిలో కొత్తగా చేరిన కుర్రాడు మంచికే అనుకొని సరే నొక్కాడు. ఆరు సెకన్లు కూడా పట్టలేదు. డేటా అంతా అక్కడే ఉంది, కానీ మొదట్లో ఉన్న హెడర్ మీద విండోస్ రాసేసింది. ఆ కుర్రాడు మూలన నిలబడి ఏడుస్తున్నాడు. నా దగ్గర ఆ డిస్కు హెడర్ కాపీ 16 ఎంబీ ఫైలు ఉంది. ముందు డిస్కును యథాతథంగా వేరేదానికి కాపీ తీసి, ఆ కాపీ మీద హెడర్‌ను తిరిగి పెట్టాను. పాస్‌వర్డు కొట్టగానే తెరుచుకుంది. ఫార్మాట్ చెరిపిన కొద్ది ఫైళ్ళు పోయాయి, మిగతావన్నీ చదివి వేరే డిస్కుకు చేర్చాం. ఆ ఫైలే లేకపోతే ఎనిమిదేళ్ళ రికార్డుల మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేదేమో.

హెడర్ కాపీని అదే సర్వరులో పెట్టొద్దు. పాస్‌వర్డు మార్చినా, క్లెవిస్ జతచేసినా కొత్త కాపీ తీసి పాతది చెరిపేయండి. పాత కాపీలో పాత పాస్‌వర్డు స్లాటు బతికే ఉంటుంది. ఉద్యోగం మానేసిన మనిషికి ఆ పాస్‌వర్డు తెలుసంటే, అతనికి పాత హెడర్ కాపీ, డిస్కు రెండూ దొరికితే తెరవగలడు.

పాస్‌వర్డు కాగితం మీద రాసి, మడిచి, కవరు అంటించి, యజమాని ఇంటి బీరువాలో పెట్టించండి. "రాసుకోకూడదు కదా" అంటారు చాలామంది. మీకు ఒంట్లో బాగోలేక ఫోను ఎత్తలేని రోజు ల్యాబు ఏమైపోవాలి? ఆ కవరు పెట్టేముందు అందులో రాసింది చూస్తూ, డిస్కు తెరవకుండా పాస్‌వర్డును మాత్రమే పరీక్షించే ఆప్షన్ క్రిప్ట్‌సెటప్‌లో ఉంది, దానితో సరిచూడండి. ఒకచోట కవరులో ఒక అక్షరం తప్పు రాసి ఉంది, ఏడాది తర్వాత తెలిసింది.

విండోస్ సర్వర్లున్న మిత్రులకు ఒక్క మాట: బిట్‌లాకర్‌లోనూ సూత్రం ఇదే. డేటా డ్రైవు దానంతటదే తెరుచుకునే ఆప్షన్ పెట్టాలంటే ముందు సీ డ్రైవు ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. 48 అంకెల రికవరీ కీ ప్రింటు తీసి అదే బీరువాలో పెట్టండి.

మీ సర్వరు బయోస్‌లో ఇంకో సెట్టింగు చూడండి. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న దగ్గర "ఆన్ చేయి" అని లేకపోతే, పైన చెప్పిందంతా చేసినా మెషీను లేవదు, ఎవరో వచ్చి బటన్ నొక్కాలి.

అన్నీ అయ్యాక మూడు పరీక్షలు, ల్యాబు మూసేశాక చేయండి. సర్వరును మామూలుగా షట్‌డౌన్ చేసి, మెయిన్ ఆపి, పావుగంట తర్వాత వేయండి. ఎవరూ ముట్టుకోకుండా రిపోర్టు తెర వస్తోందా? రెండోసారి ట్యాంగ్ డబ్బా కేబులు పీకి అదే చేయండి, పాస్‌వర్డు తెర దగ్గర ఆగాలి. ఆగకుండా తెరుచుకుంటే చెవి ఇంకెక్కడో పడి ఉందన్నమాట, వెతకాలి. మూడోసారి 4 టీబీ డిస్కు కేబులు తీసి లేపండి, మెషీను లేవాలి, డేటాబేసు మాత్రం లేవకూడదు. వీటిలో ఏది తేడా వచ్చినా మీ క్రిప్ట్‌ట్యాబ్, ఎఫ్ఎస్‌ట్యాబ్ వరుసలు, బీఎల్‌కేఐడీ చూపించింది ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తాను. కీ ఫైలు లోపలిది, హెడర్ కాపీ మాత్రం ఎక్కడా పెట్టకండి.